పుచ్చిన పంటికి సిమెంటు: అపోహలు – వాస్తవాలు

పర్లాకిమిడిలోని మా దంతవైద్యశాలకు ఊరి తెలుగువారే కాక, సరిహద్దుకు అవతల పాతపట్నం వైపు పల్లెలవారూ వస్తుంటారు. తెలుగువారి ‘పంటి పురుగు’నే ఒడియావారు ‘దాంత పోక’ అంటారు. భాష మారినా నమ్మకం మాత్రం మారలేదు.

అపోహ: పన్నును పురుగు తొలిచేస్తుంది, పొగ పడితే రాలిపోతుంది.

ఒక పెద్దావిడ సంతలో పొగ పట్టించుకుని, రాలిన ‘పురుగుల’ను కాగితంలో పొట్లం కట్టి తెచ్చారు. “చూడు బాబూ, ఇన్ని పడ్డాయి, అయినా సలుపు తగ్గలేదు” అన్నారు. భూతద్దం కింద పెట్టి చూస్తే అవి నిప్పుల వేడికి పేలిన వాకుడు గింజల లోపలి తెల్లని మొలకలు. ఫ్రాన్సు దంతవైద్యుడు పియేర్ ఫోషార్ 1728లోనే తన గ్రంథంలో ఈ పురుగు మాటను తోసిపుచ్చారు. నిజానికి పన్నును తినేది ఆమ్లం. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి బ్యాక్టీరియా మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తుంది. పంటి మీద పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే దిగినప్పుడు పంటి పైగట్టి పొర అయిన ఎనామిల్‌లోని ఖనిజం కరగసాగుతుంది. లాలాజలం ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది గానీ, గంటకోసారి తీపి టీ తాగేవారి నోట్లో దానికి ఆ తీరిక దొరకదు.

అపోహ: నొప్పి లేనప్పుడు సిమెంటు ఎందుకు?

నా చేత ఎక్కువ పళ్లు పీకించిన నమ్మకం ఇదే. ఎనామిల్‌లో నరాలు లేవు కనుక అది కరుగుతున్నంతకాలం మనిషికి ఏమీ తెలియదు. పుచ్చు దాని కింది డెంటిన్ అనే పొరలోకి దిగాకనే చల్లనీళ్లకో తీపికో జివ్వుమంటుంది. ఆ జివ్వు క్షణాల్లో పోతుంటే సాధారణంగా సిమెంటుతో పన్ను నిలబడుతుంది. రాత్రి పడుకున్నాక దానంతటదే సలుపు మొదలై నిద్ర లేపుతోందంటే లోపలి నరం వాచిందని అర్థం. అప్పుడు సిమెంటు ఒక్కటే చాలదు, రూట్ కెనాల్ చేయాలి, అంటే లోపలి నరాన్ని తీసి శుభ్రం చేసి మూయాలి. అంతకంటే మోసకారి దశ తరువాతిది. నాలుగు రోజులు వేధించిన నొప్పి హఠాత్తుగా ఆగిపోతే నయమైందనుకుని ఊరుకుంటారు, కానీ ఆగింది నరం చచ్చిపోవడం వల్లనే. కొన్నాళ్లకు చిగురు మీద చీముపొక్కు లేస్తుంది.

లవంగనూనెలోని యూజినాల్ నొప్పిని మొద్దుబార్చే మాట నిజమే, మేము తాత్కాలికంగా పెట్టే జింక్ ఆక్సైడ్ సిమెంటులోనూ అదే ఉంటుంది. గుడాఖు సంగతి వేరు: పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ఆ ముద్ద సలుపును కాసేపు మరిపించి నోటి క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

అపోహ: సిమెంటు అంటే గుంత పూడ్చడమే.

పూడ్చడం చివరి పని. ముందు కుళ్లిన భాగాన్ని తొలగించాలి, అయితే నరానికి మరీ దగ్గరగా ఉన్న మెత్తటి పొరను తవ్వకుండా వదిలి పైన గట్టిగా మూసివేయడమే నేటి పద్ధతి. కాంపోజిట్ అనే పంటి రంగు సిమెంటు పెట్టేటప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లంతో అంచులను గరుకు చేసి, బంధించే ద్రవం పూసి, సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా నింపుతూ ఒక్కో పొరను నీలికాంతితో గట్టిపరుస్తాము. ఈలోగా ఉమ్మి తగిలితే పట్టు పోతుంది; నోట్లో దూది ఉంచి “మింగకండి” అని విసిగించేది అందుకే. తడి ఆరని చోట ఫ్లోరైడ్‌ను మెల్లగా విడిచే గ్లాస్ అయానమర్ అనే సిమెంటు మేలు. పాత వెండి సిమెంటులో పాదరసం దాదాపు సగం ఉంటుంది. గర్భిణులకు, పిల్లలకు దాన్ని వాడము, కానీ బాగా ఉన్నదాన్ని భయపడి తీయించుకోనక్కర్లేదు.

అపోహ: పాలపళ్లే కదా, ఊడిపోతాయి.

వెనుక పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. పైగా ఆరేళ్లకు వాటి వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక దవడ పన్ను వస్తుంది. దాన్నీ పాలపన్నే అనుకుని తల్లులు వదిలేస్తారు. అది పోతే మళ్లీ రాదు.

అపోహ: సిమెంటు ఎత్తుగా తగిలినా నమిలితే అరిగి సర్దుకుంటుంది.

మొద్దుబారిన నోటితో ఎత్తు సరిగా తెలియదు కనుక మర్నాడు ఆ ఒక్క పన్నే ముందు తగలడం మామూలే. రంగు కాగితం కొరికించి ఎక్కువైన చోట అరగదీయడం రెండు నిమిషాల పని. అలా వదిలేస్తే పన్ను నొప్పెడుతుంది, సిమెంటు విరుగుతుంది.