చిరుధాన్యాల బిస్కెట్‌లో మైదా ఎందుకు?

చిరుధాన్యాల బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు ముందు కనబడేది గోధుమ పిండో, మైదానో. కంపెనీల కక్కుర్తి అని కొట్టిపారేయొచ్చు. కానీ కారణం సగం గింజలోనే ఉంది, మిగతా సగం సర్కారు లెక్కల్లో ఉంది.

సజ్జనే తీసుకోండి. దాంట్లో కొవ్వు దాదాపు 5 శాతం, బియ్యం గోధుమల కంటే ఎక్కువ. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. మర పట్టగానే ఆ కొవ్వుకు లైపేజ్ అనే ఎంజైమ్ తగులుతుంది, కొద్ది రోజుల్లోనే పిండి చేదెక్కి వాసన కొడుతుంది. మన ఇళ్లలో కావలసినంతే విసురుకునేవారు కాబట్టి సరిపోయింది. దుకాణం అరలో నెలల తరబడి నిలవాల్సిన ప్యాకెట్‌కి అది కుదరదు.

మందు లేకపోలేదు. గింజలను 98 డిగ్రీల నీళ్లలో 10 నుంచి 30 సెకన్లు ముంచి తీస్తే ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే గింజ ఉడకడం మొదలవుతుంది, తర్వాత సరిగా ఆరకపోతే బూజు పడుతుంది. అంటే గోధుమ పిండి మరకు అక్కర్లేని వేడినీళ్ల తొట్టి, డ్రయ్యరు, కరెంటు ఖర్చు అదనం.

ఆ ఖర్చు పెట్టే తొందర ఎవరికీ లేకపోయింది. హరిత విప్లవం నుంచి మద్దతు ధర, సేకరణ, పరిశోధన అన్నీ వరి, గోధుమల చుట్టూనే తిరిగాయి. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక జొన్న సంగటి తినే ఇళ్లలోనూ వరన్నం ఉడికింది. యంత్రాలూ ఆ రెండు గింజలకే తయారయ్యాయి. కొర్ర, సామ వంటి సన్న గింజల పొట్టు తీయడానికి జల్లెడ దగ్గర్నుంచి వేరేది కావాలి.

2018లో కేంద్రం చిరుధాన్యాలను పోషక ధాన్యాలుగా ప్రకటించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కంపెనీల వంటకం కొలతల్ని మార్చింది మాత్రం ఈ వేడుకల కన్నా రెండు అంకెలేనని మా అంచనా. కంపెనీల కోసం 2022లో కేంద్రం 800 కోట్లతో తెచ్చిన ఉత్పత్తి ప్రోత్సాహక పథకానికి సరుకులో చిరుధాన్యం 15 శాతం ఉంటే చాలు. 2023 అక్టోబరులో జీఎస్టీ మండలి 18 నుంచి 5 శాతానికి పన్ను తగ్గించింది మాత్రం కనీసం 70 శాతం చిరుధాన్యం ఉన్న ప్యాకెట్ పొడి మిశ్రమాలకు. విడిగా అమ్మితే సున్నా.

పొడికి 70 దాటడం కష్టం కాదు, అది అతుక్కోనక్కర్లేదు. బిస్కెట్ సంగతి వేరు. గోధుమ పిండి ముద్దను సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే మాంసకృత్తు చిరుధాన్యాల్లో లేదు. వాటి వాటా పెరిగేకొద్దీ ముద్ద సాగదు, కాల్చాక అంచులు విరిగి ప్యాకెట్ అడుగున నూకగా మిగులుతుంది. జొన్నరొట్టెకి మరిగే నీళ్లు పోసి పిండి కలిపేది ఆ అతుకు కోసమే. బిస్కెట్ ఫ్యాక్టరీలో ఆ పని మైదా చేస్తోంది.