యాక్సెస్ టెక్స్ట్ బాక్స్ ఈవెంట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చేంజ్ ఈవెంట్‌లో (బాక్స్‌లో రాసింది మారినప్పుడల్లా నడిచే కోడ్) వాల్యూ చదివితే యూజర్ టైప్ చేసింది దొరుకుతుంది.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఫారాలు కట్టడం మొదలుపెట్టినవాళ్లను ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. దొరకదు. బాక్స్‌లో ముందు ‘రవి’ ఉందనుకోండి. అది చెరిపి ‘సుజాత’ అని కొడుతుంటే ప్రతి మార్పుకీ చేంజ్ నడుస్తుంది, వాల్యూ మాత్రం ఇంకా ‘రవి’ అనే చెబుతుంది. తెరమీద కనిపించేది టెక్స్ట్ ప్రాపర్టీలో ఉంటుంది. ట్యాబ్ కొట్టి బాక్స్ దాటేటప్పుడే అది వాల్యూలోకి చేరుతుంది. విలువ ఖాయమయ్యే ముందు వచ్చే బిఫోర్ అప్‌డేట్, తర్వాత వచ్చే ఆఫ్టర్ అప్‌డేట్ ఈవెంట్లు నడిచేదీ అప్పుడే. టైప్ చేస్తుండగానే వెతికే బాక్స్ కావాలంటే టెక్స్ట్ వాడండి. ఫోకస్ (కర్సర్) లేని బాక్స్‌లో దాన్ని ముట్టుకుంటే 2185 ఎర్రర్ వస్తుంది. ప్రతి అక్షరానికీ రీక్వెరీ (డేటాను మళ్లీ తెప్పించడం) చేయకండి, పెద్ద టేబుల్ అయితే కీబోర్డే మొరాయించినట్టు ఉంటుంది. చేంజ్‌లో ఫారమ్ టైమర్ ఇంటర్వల్ 300 (మిల్లీసెకన్లు) పెట్టి, టైమర్ ఈవెంట్‌లో దాన్ని 0 చేసి అప్పుడు వెతకండి.

అపోహ: కీప్రెస్‌లో (కీ నొక్కినప్పుడు నడిచే ఈవెంట్) అంకెలు తప్ప మిగతావి ఆపేస్తే మొబైల్ నంబర్ గురించి ఇక టెన్షన్ లేదు.

అంకెల కోడ్లైన 48 నుంచి 57 వరకే అనుమతిస్తే ముందు బ్యాక్‌స్పేస్ ఆగిపోతుంది, దాని కోడ్ 8. అది సరిచేసినా, మౌస్ రైట్ క్లిక్‌తో పేస్ట్ చేస్తే కీప్రెస్ అసలు నడవదు. ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించే ఆఫీసుల్లో చెత్తంతా ఈ దారిలోనే టేబుల్‌లోకి చేరుతుంది. అసలు తనిఖీ బిఫోర్ అప్‌డేట్‌లో ఉండాలి, తప్పైతే క్యాన్సిల్‌ను ట్రూ చేసి ఆ మార్పును ఆపాలి.

అపోహ: ఖాళీగా వదిలేసినా బాక్స్ బిఫోర్ అప్‌డేట్ పట్టేస్తుంది.

యూజర్ ఆ బాక్స్‌లో ఏదీ మార్చకపోతే అది నడవదు. తప్పనిసరి వివరాలను, రికార్డు సేవ్ అయ్యే ముందు నడిచే ఫారమ్ బిఫోర్ అప్‌డేట్‌లోనే చూడండి. కోడ్‌తో వాల్యూ వేసినా బాక్స్ ఈవెంట్లు నడవవు; ఆ ఈవెంట్లలో చేసే పనిని వేరే ప్రొసీజర్‌లో పెట్టి రెండు చోట్లనుంచీ పిలవండి.

అపోహ: తెలుగులో ఒక అక్షరం అంటే లెన్ (పొడవు లెక్కించే ఫంక్షన్) ఒకటి.

‘శ్రీలక్ష్మి’ చూడ్డానికి మూడే అక్షరాలు. లెన్ 11 అంటుంది, ఎందుకంటే పొల్లులు, గుణింతపు గుర్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘శ్రీ’ ఒక్కటే నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫీల్డ్ సైజ్ 10 పెట్టిన టేబుల్‌లో ఈ పేరు పట్టదు. షార్ట్ టెక్స్ట్‌కి 255 దాకా వీలుంది, తెలుగు పేర్ల దగ్గర పిసినారితనం చూపించకండి.