చెప్పే హక్కు ఇంటిదే అన్నారు, మరి ఇంట్లో చెప్పిందెవరు?

మెక్సికోలో కూతురు పెద్దమనిషి అయితే పాతకాలపు తల్లులు చెప్పేవి రెండు మూడు మాటలే. ఈ నాలుగు రోజులూ నిమ్మకాయ తినకు, చన్నీళ్లు పోసుకోకు, మగపిల్లలతో జాగ్రత్త. ఎందుకు జాగ్రత్తగా ఉండాలో చెప్పేవాళ్లు కాదు. వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. ఇదంతా సిగ్గు వల్లనో, మతం వల్లనో అనుకుంటే సగం కథే తెలిసినట్టు. మిగతా సగం బడుల్లో లైంగిక విద్య చుట్టూ జరిగిన గొడవల్లో ఉంది.

1917 రాజ్యాంగం చదువును మతానికి దూరంగా పెట్టింది. దానికి ఎదురుగా అదే ఏడాది తల్లిదండ్రుల జాతీయ సంఘం పుట్టింది. 1930ల మొదట్లో విద్యామంత్రి నార్సిసో బస్సోల్స్ బడుల్లో లైంగిక విద్య తేబోతే ఈ సంఘమే అడ్డం తిరిగింది. చాలామంది పిల్లల్ని బడి మాన్పించారు. చివరికి 1934 మేలో ఆయన ఆ శాఖ వదులుకోవాల్సి వచ్చింది. ఇలాంటి సంగతులు ఇంట్లో చెప్పుకోవాలి గానీ బడిలో కాదన్న వాదనే నెగ్గింది. అలా బాధ్యతంతా తల్లి మీద పడింది. ఆమె దగ్గర మాత్రం తన తల్లి నోట విన్న హెచ్చరికలు తప్ప ఇంకేమీ లేవు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

నలభై ఏళ్లకు పరిస్థితి మారింది, అదీ జనాభా భయంతో. 1970 ప్రాంతంలో అక్కడ ఒక్కో స్త్రీకి సగటున దాదాపు ఏడుగురు పిల్లలు. 1974లో కొత్త జనాభా చట్టం వచ్చింది. ఎంతమందిని, ఎప్పుడు కనాలో తామే నిర్ణయించుకునే హక్కు రాజ్యాంగం 4వ అధికరణలో చేరింది. ప్రభుత్వం ఉచితంగా పంచే ఆరో తరగతి సైన్సు పుస్తకంలో పునరుత్పత్తి పాఠం పెట్టారు. మళ్లీ గొడవ మొదలైంది, కానీ ఈసారి పాఠం నిలిచింది. అది చదివిన ఆడపిల్లలు తల్లికి తెలియని సంగతులు తెలుసుకుని ఇంటికొచ్చారు. వాళ్లు తెలుసుకున్నదీ శరీర భాగాల గురించే. ఇష్టం గురించి, వద్దని చెప్పడం గురించి ఆ పాఠంలో పెద్దగా లేదు. వాళ్లే ఇవాళ్టి అమ్మమ్మలు.

1980లలో ఎయిడ్స్ వచ్చాక కండోమ్ మాట బయటికొచ్చింది. 2015లో ప్రభుత్వం టీనేజీ గర్భాలు తగ్గించే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కాన్పులే లేకుండా చేయాలన్నది అందులో ఒక లక్ష్యం. పాత వాదన మాత్రం పోలేదు. 2020లో అగ్వాస్కాలియెంతెస్ రాష్ట్రం, బడిలో ఇలాంటి పాఠాలు చెప్పేముందు తల్లిదండ్రులకు తెలియజేయాలని తన విద్యా చట్టంలో రాసుకుంది. 2022లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది.