ఆ నలుపు రంగు కాదు

గ్రీకు కుండల ఫొటోలు చూసి ఒక పాఠకురాలు అడిగారు: "రెండున్నర వేల ఏళ్లయినా ఆ నలుపు వెలిసిపోలేదు. ఏం రంగు వేశారండీ?"

అసలు రంగే వేయలేదు. ఏథెన్స్ కుమ్మరులు కుండకు వాడిన ఎర్రమట్టి లాంటి మట్టినే నీళ్లలో కలిపి వదిలేసేవారు. గరుకు రేణువులు అడుక్కి చేరాక పైన మిగిలిన వెన్నలాంటి బురదను చిక్కబరిచి, కుంచెతో పూసేవారు. నలుపు పుట్టేది ఆవంలో.

మట్టిలో ఇనుము ఉంది. ఆక్సిజన్ బాగా దొరికితే అది తుప్పు ఎరుపు, కరువైతే నలుపు. మొదట గాలి ఆడనిస్తూ సుమారు 800 డిగ్రీల దాకా కాలిస్తే కుండా ఎరుపే, బొమ్మా ఎరుపే. తర్వాత గాలి కన్నాలు మూసి, పచ్చికట్టెలు వేస్తారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ను లాక్కుపోతుంది. ఇప్పుడు రెండూ నలుపు. వేడి 900 దాటే ఈ దశలోనే అసలు పని జరుగుతుంది. పూతలోని రేణువులు సన్నవి, పొటాషియం కూడా ఎక్కువ. అందుకే అవి కరిగి, అతుక్కుని, గాజులా బిగుసుకుంటాయి. కుండ ఒళ్లు మాత్రం గుల్లగానే ఉండిపోతుంది.

పక్కపక్కన రెండు ఇళ్లు అనుకోండి. పూత ఇల్లు తలుపులు బిడాయించుకుంది, కుండ ఇంటికి తలుపులే లేవు. చివర్లో మళ్లీ గాలి వదిలితే ఆక్సిజన్ రెండో ఇంట్లోకి దూరి ఎరుపు చేస్తుంది, మొదటి ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది. వేడి చాలకపోతే తలుపు సరిగా పడదు, బొమ్మలోని నల్ల వీరుడి భుజం మీద ఎర్రమచ్చ తేలుతుంది. వేడి మితిమీరితే రెండిళ్లూ మూసుకుంటాయి, కుండ ఎరుపు తిరిగి రాదు. ఆక్సీకరణం, క్షయకరణం అని బడిలో బట్టీ పట్టించే బదులు ఈ కుండ ఒక్కటి చూపిస్తే పోయేది!

మొదట బొమ్మల్లోని మనుషుల్ని నల్లగా పూసి, కళ్లూ కండరాలూ సూదిమొనతో గీసేవారు. క్రీ.పూ. 530–520 ప్రాంతంలో తిరగేశారు: బొమ్మల చుట్టూ ఉన్న జాగా అంతా పూసి, మనుషుల్ని ఎర్రగా వదిలేశారు. గీతలు కుంచెకు దక్కాయి, బొమ్మల్లోని మనుషుల ఒళ్లు మలుపులు తిరిగింది. కొన్ని గీతలు వేలితో తడిమితే తెలిసేంత ఉబ్బుగా ఉంటాయి.

నెలల పని ఒక్క మంటలో పోవచ్చు కాబట్టి టెన్షన్ తప్పదు. గ్రీకు కవి హోమర్ పేర చెలామణి అయిన ఒక పాత పద్యం, కూలి ఎగ్గొట్టే కుమ్మరుల ఆవం మీదికి దెయ్యాలను పిలుస్తుంది: కుండలు పగలగొట్టే సింత్రిప్స్, స్మరాగోస్, చల్లారనివ్వని అస్బెటోస్, ఇంకా సబాక్తెస్, ఒమోదమోస్. మనం దిష్టిబొమ్మ కట్టే భయమే ఇదీ.

కుమ్మరులు దెయ్యాల సంగతి ఎలా చూసుకున్నారో గానీ, మంట సంగతి మాత్రం చేత్తో చూసుకున్నారు. పూత పూసిన పెంకులకు కన్నం పెట్టి ఆవంలో ఉంచేవారు. మధ్యమధ్యలో కొక్కెంతో ఒకటి బయటికి లాగి, తలుపు పడిందా లేదా అని చూసేవారు. అలాంటి పెంకులు ఏథెన్స్ తవ్వకాల్లో దొరికాయి.