పుస్తక చర్చకు నవల ఎంచుకుంటున్నారా? నీతి కోసం వెతకడం ఆపండి

విజయవాడలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో పుస్తక చర్చలు నడుపుతుంటాను. పేరెంట్స్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ నవల చదివితే పిల్లలకు వచ్చే నీతి ఏంటండీ?" తోటి టీచర్లదీ అదే ప్రశ్న. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: చర్చకు పెట్టే నవలలో నీతి స్పష్టంగా ఉండాలి.

వాస్తవం: అలాంటి నవల మీద చర్చ అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కష్టపడితే ఫలితం దక్కుతుందని చివరి పేజీలోనే రాసి ఉంటే పిల్లలు ఇంక దేని గురించి మాట్లాడాలి? టీచరుకు నచ్చే జవాబు ఒకరు చెబుతారు, మిగతావాళ్లు తలాడిస్తారు. ఇలాంటి పీరియడ్లు కొన్ని గడిస్తే కథల పుస్తకం కూడా వాళ్లకు ఇంకో పరీక్షే అయిపోతుంది. ఒకసారి చదవడం మీద ఇష్టం పోయిన పిల్లల్ని మళ్లీ పుస్తకం దగ్గరికి తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నవల చేతికి రాగానే నేను వెతికేది ఒక్కటే. కథలో ఎక్కడైనా రెండు వైపులా న్యాయం కనిపించే చోటు ఉందా? చదివిన ఇద్దరు అక్కడ వాదించుకోగలరా? ఆర్.కె. నారాయణ్ 1935 నాటి 'స్వామి అండ్ ఫ్రెండ్స్' చివర చూడండి. స్వామి మీద అలిగిన స్నేహితుడు రాజం ఊరొదిలి రైల్లో వెళ్లిపోతుంటాడు. వాడు ఉత్తరం రాస్తాడా అని స్వామి అడిగితే, రాస్తానన్నాడని ఇంకో స్నేహితుడు మణి చెబుతాడు. మణి చెప్పింది నిజమో, ఓదార్చడానికి ఆడిన అబద్ధమో రచయిత తేల్చడు. ఆరో తరగతి పిల్లలు ఇక్కడ రెండు జట్లయిపోతారు. స్నేహితుడి కోసం ఆడిన అబద్ధం తప్పా అన్న ప్రశ్న నేను అడగక్కర్లేదు, వాళ్లే తెస్తారు.

లోయిస్ లోరీ 'ది గివర్' (1993) నొప్పీ రంగులూ లేని ఒక సమాజంలో పెరిగే పన్నెండేళ్ల పిల్లాడి కథ. అక్కడ పిల్లలకు పన్నెండో ఏట ఎవరు ఏ పని చెయ్యాలో పెద్దలే ఖరారు చేస్తారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ, నీట్ ఫౌండేషన్ బ్యాచ్‌లున్న మన ఊళ్లో ఇది ఎక్కడో అమెరికా కథలా అనిపించదు. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి ఈ నవల చర్చ రోజు లేచి, "వాళ్లకు పన్నెండేళ్లకు చెప్పారు టీచర్, నాకు పుట్టినప్పుడే చెప్పేశారు" అంది. వెంటనే వెనక బెంచీ అబ్బాయి, "పెద్దవాళ్లు చెబితేనే నయం, తప్పయితే మన తప్పు కాదుగా" అన్నాడు. లంచ్ బెల్ కొట్టినా ఎవరూ కదల్లేదు.

మర్నాడు ఆ అమ్మాయి నాన్నగారు ఫోన్ చేశారు. పాప ఇంట్లో ఏవేవో అడుగుతోందని, చదువు మీద మనసు తప్పుతుందేమోనని టెన్షన్ పడ్డారు. ఫీజులు కట్టడానికి రాత్రింబవళ్లు కష్టపడే మనిషికి ఆ భయం ఉండటం సహజం. పుస్తకం ఆయనకే పంపాను. చదివాక, "చివరికి ఆ పిల్లాడు బతికాడా లేదా?" అని అడిగారు. ఈ నవలలో రచయిత్రి అదీ తేల్చలేదు.

అయితే ఈ నవలలో ఒక పసిబిడ్డను చంపే సన్నివేశం ఉంది. అందుకే నేను దీన్ని ఎనిమిదిలోనే పెడతాను, తల్లిదండ్రులకు ముందే చెబుతాను.

అపోహ: కవర్ మీద మెడల్ ఉంటే చాలు, కళ్లు మూసుకుని కొనొచ్చు.

వాస్తవం: 'ది గివర్'కు 1994లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ మెడల్ వచ్చిన మాట నిజమే. 1922 నుంచి ఇస్తున్న ఆ బహుమతి నియమాల్లో, ఇది నీతిబోధకూ ప్రజాదరణకూ ఇచ్చేది కాదని రాసే ఉంది. మెడల్ రచనా నైపుణ్యానికి ఇస్తారు. మీ క్లాసులో చర్చ జరుగుతుందో లేదో మీరే చదివి చూసుకోవాలి.

అపోహ: చావు, బాధ ఉన్న కథలు పిల్లలకు వద్దు.

వాస్తవం: 'షార్లెట్స్ వెబ్'లో సాలీడు చనిపోతుంది. 1952 నుంచి చిన్నపిల్లలు దాన్ని చదువుతూనే ఉన్నారు. తాతయ్యో అమ్మమ్మో పోయిన పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. దాని గురించి మాట్లాడే చోటు వాళ్లకు ఇంకెక్కడ దొరుకుతుంది?

సినిమా చూపిస్తే సరిపోతుందంటారు కొందరు. 2014లో వచ్చిన 'ది గివర్' సినిమాలో ఆ పన్నెండేళ్ల పిల్లాడిని టీనేజ్ కుర్రాడిగా మార్చేశారు. మన పిల్లలకు తమ వయసువాడు అక్కడ కనిపించడు. కష్టమైన ఇంగ్లీషు ఉంటేనే గొప్ప పుస్తకం అన్నదీ వట్టి పుకారే. పదాలకు అర్థాలు వెతుక్కుంటూ కూర్చుంటే ఆలోచించడానికి టైమ్ ఉండదు. ఇంగ్లీషు అడ్డమైతే తెలుగులో పెట్టండి. తెలుగులో పిల్లల పుస్తకాలు లేవనేవాళ్లు ఒకసారి 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల జాబితా చూడాలి. జపాన్ పుస్తకం 'టోటో-చాన్'కు అనువాదమైన 'రైలుబడి' నవల కాదు, ఆత్మకథే. అయినా బడి ఎలా ఉండాలన్న వాదనకు అంతకంటే మంచి మొదలు నాకు దొరకలేదు.

కాపీల గురించి భయపడకండి. అందరికీ తలా ఒకటి ఉండక్కర్లేదు. ముగ్గురికి ఒకటి ఉన్నా, ముఖ్యమైన అధ్యాయం మీరు బిగ్గరగా చదివితే చర్చ నడుస్తుంది. జనవరి పుస్తక మహోత్సవం దాకా ఆగకుండా, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఒకసారి అడిగి చూడండి.