ఇరవై మైక్రాన్ల బిగువు

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక కుర్రాడు రాశాడు. అతని దగ్గర ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకు ఉందట. ఆదివారాలు కైలాసగిరి ఎక్కుతాడు, అప్పుడప్పుడు అనంతగిరి ఘాట్ వైపు వెళ్తాడు. కొన్నాళ్లుగా గట్టిగా తొక్కినప్పుడల్లా కాళ్ల కింద కిర్రుమంటోంది. చెయిన్‌కి ఆయిల్ వేశాడు, పెడళ్లు మార్చాడు, శబ్దం పోలేదు. కవర్ విప్పి చూస్తే మోటారుని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి తల ఊడి చేతిలోకి వచ్చింది, ఇంకో రెండు వేళ్లతోనే తిరుగుతున్నాయి. "నాసిరకం బోల్టులు వేశారా సార్? ఆటోనగర్‌లో హై టెన్సైల్ బోల్టులు దొరుకుతాయి, అవి వేయించమంటారా?" అని అడిగాడు.

వేయించొద్దు. ఎందుకో తెలియాలంటే ఆ బోల్టు రోజూ చేసే పనేమిటో చూడాలి.

మామూలు సైకిల్లో పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం ఫ్రేములోనే భాగం, వెల్డింగు చేసేసి ఉంటుంది. మోటారు మధ్యలో ఉండే బైకులో ఆ గొట్టమే లేదు. ఇరుసు, బేరింగులు, ముందు పళ్లచక్రం అన్నీ మోటారు పెట్టెకే ఉంటాయి. మీరు తొక్కే తొక్కుడు, మోటారు లాగే లాగుడు, చెయిన్ బిగువు అన్నీ ఆ పెట్టె మీద పడి, అక్కణ్ణుంచి కొన్ని పొట్టి బోల్టుల మీదుగా ఫ్రేముకి చేరాలి. 75 కిలోల మనిషి 170 మిల్లీమీటర్ల క్రాంకు మీద పూర్తి బరువుతో నిలబడితే దాదాపు 125 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, వస్తుంది. గట్టి మోటారు దానికి ఇంకో 85 కలుపుతుంది. 34 పళ్ల చక్రం మీద ఆ రెండూ కలిస్తే చెయిన్ సుమారు 3 కిలోన్యూటన్లతో లాగుతుంది, అంటే 300 కిలోల బరువు. పైగా అది స్థిరంగా ఉండదు. కాలు మారినప్పుడల్లా పెట్టె ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి మెలిపడుతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి 4,800. రెండు వందల గంటలు తొక్కేసరికి లెక్క పది లక్షల దగ్గరికి వస్తుంది.

ఇంత బరువూ బోల్టు ఒంటి మీద పడుతుందని, అది కోత బలాన్ని, అంటే అడ్డంగా తెంచే బలాన్ని, తట్టుకుంటుందని మన డిప్లొమా క్లాసుల్లో చెప్తారు. బోల్టు అడ్డుకోత వైశాల్యం కట్టి, బలాన్ని దానితో భాగించి, మార్కులు వేసేస్తారు. ఆ లెక్క వేరే రకం జాయింట్లకి సరిపోతుంది. ఇలాంటి జాయింట్‌లో, అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం, ఆ పక్కబరువు బోల్టు నడుముకి తగలనే తగలదు.

అనకాపల్లి నుంచి బెల్లం బస్తాలేసుకుని వచ్చే లారీని చూడండి. పైనుంచి తాడు కట్టి ఉంటుంది. మలుపులో బస్తాలు జారకుండా ఆపుతున్నది తాడు అనుకుంటాం. తాడు చేసేది ఒక్కటే, బస్తాలని కిందికి నొక్కడం. ఆ నొక్కుడు వల్ల బస్తాకీ బస్తాకీ మధ్య రాపిడి పుడుతుంది. జారకుండా పట్టుకునేది ఆ రాపిడి. బోల్టు కూడా అంతే. 8 మిల్లీమీటర్ల బోల్టుని 25 న్యూటన్ మీటర్లకి బిగిస్తే అది సుమారు 15 కిలోన్యూటన్లతో, అంటే ఒకటిన్నర టన్నుతో, ఫ్రేము పలకని మోటారు పెట్టెకేసి నొక్కుతుంది. రాపిడి గుణకం, అంటే నొక్కుడులో పట్టుగా మారే భాగం, 0.15 అనుకున్నా ఒక్కో బోల్టు దగ్గర 2 కిలోన్యూటన్లకి పైగా పట్టు. అలాంటివి ఆరుంటే 13 పైచిలుకు. చెయిన్ లాగేది 3. కావలసినంత మిగులు ఉంది.

మరి ఆ మిగులు ఎక్కడికి పోయింది? లారీ దగ్గరికే వెళ్దాం. బయల్దేరిన కొన్ని మైళ్లకే క్లీనరు దిగి తాడు మళ్లీ లాగి కడతాడు. తాడు తెగిందని కాదు, కుదుపులకి బస్తాలు సర్దుకుని ఎత్తు తగ్గింది గనక. ఇప్పుడు అదే లోడుకి తాడు బదులు ఇనప గొలుసు కట్టామనుకోండి. తాడు సాగి ఉంటుంది కాబట్టి బస్తాలు ఒక అంగుళం దిగినా వెనక్కి ముడుచుకుని ఇంకా నొక్కుతూనే ఉంటుంది. గొలుసు సాగేదే అంతంతమాత్రం. బస్తా కాస్త దిగిందంటే బిగువు మొత్తం పోయి వేలాడుతుంది. తెగే బలం చూస్తే గొలుసుదే పైచేయి. పట్టు నిలుపుకోవడంలో తాడే మేలు.

బిగించిన బోల్టు సాగుతుంది. ఉక్కుకి సాగే గుణం ఉంది, అందుకే అది నొక్కగలుగుతోంది. ఎంత సాగుతుందో లెక్క కడదాం. 8 మిల్లీమీటర్ల బోల్టు మరల (థ్రెడ్ల) దగ్గర పనికొచ్చే వైశాల్యం 36.6 చదరపు మిల్లీమీటర్లు. 15 కిలోన్యూటన్లని దానితో భాగిస్తే 410 మెగాపాస్కల్స్ ఒత్తిడి. ఉక్కు స్థితిస్థాపక గుణకం, అంటే సాగదీస్తే ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకె, 205 గిగాపాస్కల్స్. అంటే ప్రతి వెయ్యి భాగాలకి రెండు భాగాల సాగుడు. తల కింద నుంచి మరలు పట్టుకునే చోటు దాకా పొడవు 10 మిల్లీమీటర్లే అయితే, మొత్తం సాగుడు 20 మైక్రాన్లు, మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మన పట్టు మొత్తం నిలబడి ఉన్నది ఇంతమాత్రం సాగుడు మీద!

కొత్త జాయింట్‌లో పైకి నునుపుగా కనిపించే లోహం కూడా సూక్ష్మంగా గరుకే. ఆ గరుకు మొనలు నలిగి పలకలు ఒక 8 మైక్రాన్లు దగ్గరయ్యాయనుకుందాం. పలక సైతం కొంచెం నొక్కుకుని ఉంటుంది కాబట్టి అది కొంత కాపాడుతుంది. అయినా పొట్టి బోల్టు బిగువులో సుమారు మూడో వంతు పోతుంది. అదే నష్టం 50 మిల్లీమీటర్ల పొడవు బోల్టుకి జరిగితే పోయేది ఏడెనిమిది శాతమే. పొట్టి బోల్టు మన గొలుసు, పొడుగుది తాడు. ఇక తల కింద పెయింటు ఉంటే చెప్పనే అక్కర్లేదు. పౌడర్ కోటింగ్ పొర సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్లు. ఒకటిన్నర టన్ను కింద అది మెల్లగా పక్కకి పాకుతుంది.

హై టెన్సైల్ బోల్టు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలుస్తుంది. అలాంటి 12.9 గ్రేడు బోల్టుకి తెగే బలం ఎక్కువ, కానీ స్థితిస్థాపక గుణకం మామూలు 8.8 గ్రేడుదే. అదే టార్క్‌కి బిగిస్తే అంతే సాగుతుంది, అంతే వదులవుతుంది. దాని బలం వాడుకోవాలంటే ఇంకా గట్టిగా బిగించాలి. అప్పుడు ఎదుటి అల్యూమినియం మరలు ఊడొస్తాయి.

బిగువు ఒక హద్దు దాటి తగ్గాక అసలు కథ మొదలవుతుంది. మర అంటే చుట్టిన వాలు. ఈ బోల్టులో ఆ వాలు 3 డిగ్రీలకి కాస్త పైన. రాపిడి దాన్ని ఆపగలదు కాబట్టి మామూలుగా బోల్టు తనంతట తాను విప్పుకోదు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ఒక యంత్రం కట్టి, బోల్టు వేసిన పలకలని అడ్డంగా అటూ ఇటూ జరిపించి చూశాడు. పలక జారే క్షణంలో రాపిడి ఆ అడ్డకదలికని ఎదుర్కోవడంలోనే ఖర్చయిపోతుంది. తిరగకుండా ఆపడానికి ఇక మిగలదు. వాలు మీద బిగువు తన పని తను చేసుకుంటుంది, బోల్టు ప్రతి జారుడికీ రవ్వంత వెనక్కి తిరుగుతుంది. నిలువు కుదుపుల కంటే ఈ అడ్డజారుడు చాలా ప్రమాదకరమని అప్పుడు తేలింది. ఎడమకీ కుడికీ మెలిపడే మన మోటారు పెట్టె పది లక్షల సార్లు చేసేది సరిగ్గా ఇదే. ఆ కుర్రాడు విన్న కిర్రు కూడా ఆ జారుడు శబ్దమే.

జారుడు మొదలయ్యాక బోల్టు నడుముకి బరువు తగులుతుంది. ఇప్పుడు అది వంగుతుంది, మళ్లీ నిటారవుతుంది. పట్టు పడిన మొదటి మర ఒక్కటే మొత్తం బరువులో దాదాపు మూడో వంతు మోస్తుంది. పగులు ఎక్కువగా అక్కడో, తల కింద మూలలోనో పుడుతుంది. విరిగిన ముఖం చూస్తే ఒక అంచు నుంచి వరసగా వంపు గీతలుంటాయి, చివర కాస్త భాగం మాత్రం గరుకుగా ఉంటుంది. గీతలున్న భాగం నెమ్మదిగా చీలింది, గరుకు భాగం చివరి రోజున పుటుక్కుమంది.

కొత్త బండికి నిమ్మకాయా మిరపకాయలూ కడితే నవ్వే ఇంజనీర్లు కూడా బోల్టు కింద స్ప్రింగ్ వాషర్ వేసి నిశ్చింతగా ఉంటారు. బోల్టు బిగువులో చిన్న భాగానికే అది చదునైపోతుంది, ఆ తర్వాత అది ఉత్త వాషరే. 1990 నాటి నాసా ఫాస్టెనర్ డిజైన్ మాన్యువల్ కూడా అది బోల్టుని పట్టి ఉంచడానికి పనికిరాదనే తేల్చింది. మన వర్క్‌షాపుల్లో మాత్రం స్ప్రింగ్ వాషర్ లేకుండా బోల్టు ఇస్తే తిట్టినంత పని చేస్తారు. నిమ్మకాయ కనీసం మరలకి అడ్డం రాదు.

థ్రెడ్‌లాకర్ జిగురు సంగతి వేరు. గాలి తగలకుండా లోహం మధ్య చిక్కుకుంటేనే అది గట్టిపడుతుంది. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ దీన్ని తయారుచేశాడు. అది మరల మధ్య సందు నింపి తిరగడాన్ని ఆపుతుంది. పోయిన బిగువుని మాత్రం తిరిగి తేలేదు. మరలు శుభ్రంగా తుడిచి, నూనె జిడ్డు లేకుండా వేయాలి. ఆయిల్ పూస్తే ఇంకో చిక్కుంది. టార్క్ రెంచ్‌తో మనం పెట్టే శ్రమలో దాదాపు 90 శాతం తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. సాగదీయడానికి మిగిలేది పదో వంతు. రాపిడి కాస్త తగ్గితే అదే అంకె మీద బిగువు ఎంతో పెరిగిపోతుంది.

బీచ్ రోడ్డు మీద తిరిగే బైకుకి ఉప్పు గాలి బాధ అదనం. ఉక్కూ అల్యూమినియమూ ఉప్పు తడిలో కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది, తెల్ల పొడి వస్తుంది. ఆ పొడి పలకల మధ్య ఉండగా బిగించిన బోల్టు నిలవదు.

కాబట్టి ఆ అబ్బాయి చేయాల్సింది ఇది. ఒక్కటి విరిగినా అన్నీ మార్చాలి, మిగతావీ అదే వంపుడు తిన్నాయి. బండి తయారీదారు చెప్పిన బోల్టే వాడాలి, చెప్పిన టార్క్‌కే బిగించాలి. బిగించే ముందు ఫ్రేము పలకకీ మోటారుకీ మధ్య సందుందేమో చూడాలి. సందుంటే బోల్టు బిగువంతా పలకని వంచి దగ్గరికి లాగడానికే పోతుంది, నొక్కడానికి మిగలదు. తర్వాత బోల్టు తల మీద నుంచి ఫ్రేము మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయాలి. కొన్ని రైడ్ల తర్వాత గీత విడిపోతే బోల్టు తిరిగింది. కలిసే ఉన్నా మొదటి నెలలో ఒకసారి రెంచ్ పెట్టి చూడాలి, తిరగకుండానే సర్దుకుని బిగువు పోవచ్చు.

లోపల ఇరుక్కున్న ముక్క గురించి మరీ టెన్షన్ అక్కర్లేదు. తల పోగానే దాన్ని లాగే బిగువు కూడా పోయినట్టే. చాలాసార్లు సన్నటి మొనతో అంచుని తోస్తే తిరిగి వచ్చేస్తుంది. రాకపోతే ఎడమ చుట్టు డ్రిల్ బిట్‌తో తీస్తారు, అది మెషీన్ షాపు వాళ్ల పని. బ్యాటరీ తీసేసిన తర్వాతే బండి వాళ్ల చేతికివ్వాలి, మోటారు పక్కన గ్యాస్ మంట పెట్టనివ్వకూడదు.