తొడిగేది కంపెనీ, కట్టేది బిల్లు: బ్రిటన్‌లో ఇంధన పేదరికం కథ

చలికాలం మొదలైతే బ్రిటన్‌లోని పాత ఇటుక ఇళ్లలో పొద్దున్నే కిటికీ అద్దాల లోపలివైపు నీళ్లు కారుతుంటాయి. అది వాన కాదు, రాత్రంతా మనుషులు వదిలిన ఊపిరి, వంట ఆవిరి. తుడిచిన గుడ్డను రేడియేటర్ మీద ఆరేద్దామంటే అదీ చల్లగానే ఉంటుంది. ప్రీపెయిడ్ మీటర్ ఉన్నవాళ్లు సందు చివరి కొట్టుకు మీటరు తాళం పట్టుకెళ్లి పది పౌండ్లు వేయించుకొస్తారు. హీటింగ్ ముట్టుకోకపోయినా రోజువారీ స్టాండింగ్ చార్జి అందులోంచి తెగుతూనే ఉంటుంది. చదువుకోడానికి వెళ్లి అయిదారుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్న మన పిల్లల్ని అడగండి, సగం తగాదాలు "హీటింగ్ ఎవడు ఆన్ చేశాడ్రా" దగ్గరే మొదలవుతాయి.

ఇలాంటి ఇళ్లను బాగుచేసే పనిని అక్కడ కరెంటు, గ్యాసు అమ్మే కంపెనీల మీద పెట్టి 30 ఏళ్లు దాటింది. 2025 నవంబరు బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ ఆ ఏర్పాటుకు తెరదించుతున్నట్టు ప్రకటించారు. అసలు సారా కొట్టు యజమానికి మద్యనిషేధం అప్పగించినట్టుండే ఈ ఏర్పాటు ఎలా పుట్టింది?

1986లో గ్యాసు, 1990లో కరెంటు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. 1991లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు బ్రెండా బోర్డ్‌మన్ సమస్యకు ఒక కొలత ఇచ్చారు: ఇల్లు తగినంత వెచ్చగా ఉంచుకోడానికి ఆదాయంలో 10 శాతానికి మించి ఖర్చు పెట్టాల్సి వస్తే అది ఇంధన పేదరికం. 'పెడుతున్న' ఖర్చు కాదు, 'పెట్టాల్సిన' ఖర్చు అన్నది గమనించాలి. డబ్బుల్లేక దుప్పటి కప్పుకుని కూర్చున్నవాళ్ల బిల్లు ఎలాగూ తక్కువే వస్తుంది. ఆమె మరో మాట గట్టిగా చెప్పారు. జీతం పెంచినంత మాత్రాన ఇది పోదు, ఇల్లే మారాలి.

1994లో కరెంటు కంపెనీలకు తొలి బాధ్యత పడింది. ఖాతాకు ఏడాదికి ఒక పౌండు చొప్పున వసూలు చేసి పొదుపు పనులకు ఖర్చు పెట్టాలి. (సరిగ్గా అదే ఏడాది ప్రభుత్వం ఇళ్ల కరెంటు, గ్యాసు మీద 8 శాతం వ్యాట్ వేసింది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడం అక్కడా ఉంది.) గ్యాసు విషయంలో మాత్రం నియంత్రణాధికారి క్లేర్ స్పాటిస్‌వుడ్ అడ్డం తిరిగారు. బిల్లులో కలిపి వసూలు చేసినా ఇది పన్నే, పన్ను వేసే అధికారం పార్లమెంటుది, నాది కాదు అన్నారు. పర్యావరణవాదులు ఆమె మీద మండిపడ్డారు. నా మటుకు ఈ మొత్తం చరిత్రలో అందరికన్నా సూటిగా మాట్లాడింది ఆవిడే అనిపిస్తుంది. గ్యాసు కంపెనీల మీద ఆ భారం పడింది 2000లోనే.

అదే ఏడాది ఎంపీ డేవిడ్ అమెస్ ప్రైవేటు మెంబర్ బిల్లుగా తెచ్చిన వెచ్చని ఇళ్ల చట్టం వచ్చింది. ఇంగ్లండ్‌లో 2016 నాటికి ఎవరూ ఇంధన పేదరికంలో ఉండకూడదని దాని కింద లక్ష్యం పెట్టుకున్నారు, 'ఆచరణలో వీలైనంత మేరకు' అన్న తోకతో. 2004లో ఇంగ్లండ్‌లో 12 లక్షలున్న ఇంధన పేద కుటుంబాలు, ధరలు ఎగబాకడంతో 2009కి 40 లక్షలయ్యాయి. స్వచ్ఛంద సంస్థలు కోర్టుకెక్కితే ఆ తోకే ప్రభుత్వాన్ని కాపాడింది.

ఈలోపు కంపెనీల లక్ష్యాలు, ఎన్ని టన్నుల కార్బన్ తగ్గించాలన్న లెక్కకు మారాయి. టన్నులు చవగ్గా ఎలా దొరుకుతాయి? బల్బుల్లో. 2008 తర్వాత కంపెనీలు అడక్కపోయినా సీఎఫ్ఎల్ బల్బులు కోట్ల కొద్దీ పోస్టులో పంపాయి. అవి హోల్డర్లో వెలిగాయో సొరుగులో పడున్నాయో ఎవరు చూడొచ్చారు? చివరికి 2010 నుంచి పోస్టు పంపకాన్ని ఆపించారు. 2014 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో డిస్కంల ద్వారా గుంటూరు, అనంతపురం వంటి జిల్లాల్లో పది రూపాయలకు ఎల్ఈడీ ఇచ్చినప్పుడు పాత బల్బు తెచ్చి ఇవ్వాలని షరతు పెట్టారు. చిన్న షరతే, కానీ పాత బల్బు హోల్డర్లోంచి దిగిందన్నంత వరకు గ్యారంటీ.

బల్బు మార్చినంత తేలిక కాదు గోడ. పాతకాలపు ఇళ్లకు మధ్యలో ఖాళీ లేని గట్టి ఇటుక గోడలుంటాయి. వాటికి బయటినుంచి మందపాటి పలకలు అతికించి, పైన పూత పూయాలి. గోడకు కోటు తొడిగినట్టన్నమాట. కంపెనీల బాధ్యతకు 2013లో వచ్చిన కొత్త రూపం 'ఎకో' పథకం ఇలాంటి ఖరీదైన పనుల కోసమే. ఏడాది తిరక్కుండానే బిల్లులు తగ్గిస్తున్నామంటూ కామెరాన్ ప్రభుత్వం దాన్ని కుదించింది. ఆ రోజుల్లోనే కొలత కూడా మారి, ఇంధన పేదల సంఖ్య కాగితం మీద లక్షల్లో తగ్గింది. 2021లో మళ్లీ మార్చారు. ఇంధన పొదుపులో ఇంటికి 'సి' గ్రేడు ఉంటే చాలు, బిల్లు కట్టలేక చస్తున్నా లెక్కలోకి రారు. 2021 చలికాలంలో 1,277 పౌండ్లున్న సగటు ఇంటి వార్షిక బిల్లు, ప్రభుత్వం అడ్డుకట్ట వేశాక కూడా 2022 అక్టోబరుకు 2,500 అయింది. ఇంగ్లండ్‌లో ఇంధన పేద కుటుంబాల అధికారిక లెక్క మాత్రం 13 శాతం దగ్గరే కూర్చుంది.

ఇక ఇల్లు అలకగానే పండగ కాదని 2025 అక్టోబరులో జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. ఎకో నాలుగో దశలోనూ దానికి తోడు పథకంలోనూ బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం, అంటే 22 వేలకు పైగా, మళ్లీ సరిచేయాల్సినవే. పైకప్పు కలిసే చోట, కిటికీ అంచుల్లో సందు సరిగా మూయకపోతే వాననీరు పలక వెనక్కి దిగుతుంది. గాలి ఆడదు. కొన్నాళ్లకు మంచం వెనక గోడ మీద నల్లగా బూజు. కంపెనీ పని కాంట్రాక్టరుకిచ్చింది, కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరుకిచ్చాడు. డబ్బు మాత్రం దేశంలో ప్రతి బిల్లులోంచీ వెళ్లింది, ప్రీపెయిడ్ మీటరు వాళ్లదీ అందులో ఉంది.

ఆ తర్వాతి నెలలోనే రీవ్స్ ప్రకటన. ఎకో ఆపడం, మరికొన్ని భారాలు ఖజానాకు మార్చడం వల్ల సగటు బిల్లులో 150 పౌండ్లు తగ్గుతాయన్నారు. ఇళ్లు వెచ్చబరిచే పని ఇక పన్నుల డబ్బుతోనట, స్పాటిస్‌వుడ్ ఎప్పుడో అన్న దారికే వచ్చారు. 2030 నాటికి ఇంధన పేదల ఇళ్లన్నీ 'సి' గ్రేడుకు చేరాలన్న 2014 నాటి నిబంధన ఇంకా ఉంది. దానికీ అదే తోక, 'వీలైనంత మేరకు'.